ఆ మెయిల్ కింద తోక కాస్త కత్తిరించండి

ఎడిటర్ గారికి,

మీ పేపర్లో ఫోన్ల గురించీ యాప్‌ల గురించీ వారం వారం రాస్తుంటారు, బానే ఉంటాయి, కానీ పదిమందీ కలిసి మాట్లాడుకునే ఈమెయిల్ గ్రూపుల్లో రిప్లై ఎలా ఇవ్వాలో మాత్రం ఎవరూ రాయట్లేదు. ఇదీ ఒక విషయమేనా అనుకోకండి, ఈమధ్య దీనివల్లే నేను అనని మాటకి నాలుగు రోజులు తిట్లు తిన్నాను.

జరిగిందేంటంటే, గ్రూపులో ఒకాయన "కొత్తగా చేరినవాళ్ళు ఆర్నెల్లు నోరు మూసుకుని చదవాలి, ప్రశ్నలు అడక్కూడదు" అని రాశాడు. నేను ఆ ముక్క ఉంచి దాని కింద "అడక్కపోతే ఎట్లా నేర్చుకుంటారండీ" అన్నా. ఇంకొకాయన నా మెయిల్‌కి రిప్లై కొట్టి, పొడుగు తగ్గిద్దామనుకున్నాడో ఏమో, నేను రాసింది కోసేశాడు, మొదటాయన పేరున్న లైనూ కోసేశాడు, చివరికి మిగిలింది రెండే లైన్లు, పైన "ఫలానా తేదీన ఫలానావారు రాశారు" అని నా పేరు, దాని కింద ఇది:

>> కొత్తగా చేరినవాళ్ళు ఆర్నెల్లు నోరు మూసుకుని చదవాలి

లైను ముందు > ఒకటుంటే పైన పేరున్న మనిషి మాట, రెండుంటే ఆయన ఇంకెవరి దగ్గర్నుంచో ఎత్తి రాసిన మాట. లెక్క ప్రకారం తప్పేం లేదు, రెండున్నాయిగా. కానీ ఫోన్లో చదివేవాళ్ళు ఆ గుర్తులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారా? నా పేరు చూశారు, కింద ఆ మాట చూశారు, వాయించేశారు. ఎవరి మాట ఉంచుతున్నామో వాళ్ళ పేరు ఉంచాలి, మాట తీసేస్తే పేరూ తీసెయ్యాలి, ఇంత చిన్న విషయం.

అసలు కొయ్యకుండా మొత్తం ఉంచేస్తే పోలా అంటారు కొందరు. అదింకో బాధ. పైన "అవును" అని ఒక్క ముక్క, కింద చాంతాడంత పాత మెయిల్స్. తప్పంతా మనుషులదే అనను, చాలా యాప్‌లు రిప్లై కొట్టగానే కర్సర్ పైన పెట్టి పాతదంతా మూడు చుక్కల వెనక దాచేస్తాయి, రాసేవాడికి ఆ తోక కనపడదు. కానీ రోజంతటి మెయిల్స్ ఒకే కట్టగా, అదే డైజెస్ట్ అంటారు, అలా తెప్పించుకునేవాళ్ళకి కనపడుద్ది, అదే ప్రశ్న ఏడెనిమిది సార్లు చదవాలి. పోనీ తోక మొత్తం పీకేసి "అవును, అదే చెయ్యండి" అని పంపేవాళ్ళున్నారు, రెండేళ్ళ తర్వాత ఎవరో పాత మెయిల్స్‌లో వెతుక్కుంటూ వస్తే అదే అంటే ఏది? ఎవరికి రిప్లై ఇస్తున్నామో ఆయనకి గుర్తుంటుందండీ, మిగతావాళ్ళకి ఎలా తెలుసుద్ది.

ఇదేం నేను కనిపెట్టింది కాదు. 1995 అక్టోబర్‌లోనే ఆర్ఎఫ్‌సీ 1855 అని ఇంటర్నెట్ మర్యాదల మీద ఒక పత్రం వచ్చింది, సందర్భం అర్థమయ్యేంత వరకే పాత మాటలు ఉంచండి, వేరేవాళ్ళ మాటలు మార్చకండి, మీకు విడిగా రాసింది గ్రూపులో పెట్టాలంటే ముందు వాళ్ళనడగండి, కింద సంతకం నాలుగు లైన్లు దాటనీకండి అని అందులో ఉంది. ఆ విడిగా రాసిన మెయిల్ సంగతి చాలామందికి పట్టదు, నమ్మి రాస్తే తెచ్చి అందరి ముందూ పరుస్తారు.

జవాబు పైన రాయాలా కింద రాయాలా అని కొట్టుకుంటుంటారు, నాకైతే ఆఫీసులో ఇద్దరి మధ్య మెయిల్‌కి పైనే నయం. గ్రూపులో మాత్రం మూడు ప్రశ్నలుంటే ఏ ప్రశ్న కింద దాని జవాబు రాస్తేనే చదవబుద్ధవుద్ది.

ఇంకోటి, కొత్త విషయానికి పాత మెయిల్ తెరిచి రిప్లై కొట్టి సబ్జెక్ట్ మార్చేస్తారు. లోపల కనపడకుండా ఇది ఏ మెయిల్‌కి జవాబో రాసుంటుంది, దాంతో చాలా ప్రోగ్రాములు దాన్ని తీసుకెళ్ళి పాత చర్చకే అంటిస్తాయి, అడిగినాయన ఎవరూ పలకట్లేదని అలుగుతాడు. కొత్త విషయమైతే కొత్త మెయిలే రాయాలి.

రిప్లై ఎవరికి పోతుందో చూసుకోకపోవడంలో నేనూ తక్కువ తినలేదు లెండి, ఒకసారి ఒకాయన మీద చాడీ ఆయనతో సహా అందరికీ పంపాను. పెద్ద పెద్దవాళ్ళకే తప్పలేదు, 1997 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్‌లో వేలమంది ఉన్న లిస్టుకి ఒక మెయిల్ పోతే, నన్ను తీసెయ్యండని ఒకరు, నన్నూ అని ఇంకొకరు అందరికీ రిప్లైలు కొట్టి మెయిల్ సర్వర్లే కూలబడేలా చేశారు. గ్రూపులోంచి పోవాలంటే చాలాసార్లు మెయిల్ అడుగునే అన్‌సబ్‌స్క్రైబ్ లింకుంటుంది, అది నొక్కండి చాలు.

అన్నట్టు ఆ ఆర్నెల్ల మాట నాది కాదండీ అని సర్దిచెప్తూ గ్రూపుకి మెయిల్ పెట్టా. ఒకాయన "ఓకే" అని రిప్లై ఇచ్చాడు, దాని కింద మొత్తం గొడవ, 11 మెయిల్స్, మొదట్నుంచీ అట్లాగే ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు