ఓటరు నమోదు వారం: జమా ఖర్చుల వివరణ

అనంతపురంలోని మా డిగ్రీ కాలేజీ హాస్టళ్లలో జనవరి 19 నుంచి 25 దాకా జరిపిన ఓటరు నమోదుకు చందాలిచ్చిన అందరికీ కమిటీ చెప్పుకుంటున్న లెక్క ఇది. 25న జాతీయ ఓటర్ల దినోత్సవం కాబట్టి ఆ వారం పెట్టుకున్నాం.

ముందు జమ. హాస్టల్ గదుల్లో డబ్బా తిప్పితే 4,370 రూపాయలు వచ్చాయి. సగం చిల్లరే, లెక్కపెట్టేసరికి రాత్రి పదకొండు దాటింది. అధ్యాపకులు 3,500, పాత విద్యార్థులు 2,000 ఇచ్చారు. ఒక నాయకుడి మనుషులు టీషర్టులు కుట్టిస్తామని వచ్చారు, వీపు మీద 'అన్న' ఫోటో ఉంటుందట. వద్దన్నాం. ఒకరి బొమ్మ మోసుకుంటూ ఓటు రాయించుకోమంటే మా మాట ఎవరు వింటారు?

ఫ్లెక్సీల సంగతి దాచడం లేదు. ఒక్కోటి 384 చొప్పున రెండు వేయించాం. ఒకదాంట్లో 'నమోదు' కాస్తా 'నమాదు' అయింది. షాపువాళ్లు ముందే ఫోన్లో చూపించారు, మేమే చదవకుండా ఓకే అన్నాం. మళ్లీ వేయించాల్సి వచ్చి మొత్తం 1,152 అయింది. ఆ దండగ 384 కమిటీలో ముగ్గురం సొంతంగా కట్టాం. దాంతో మొత్తం జమ 10,254.

జిరాక్స్ 2,400 పేజీలు, గేటు దగ్గర షాపాయన రూపాయి బదులు 75 పైసలే తీసుకుంటే 1,800. ఇన్నెందుకని అడిగారు. హాస్టల్ అడ్రసుతో ఓటు కావాలంటే కొత్త ఓటుకు నింపే ఫారం 6తో పాటు, ఇక్కడే చదువుతున్నారని ప్రిన్సిపాల్ సంతకంతో ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చినవాళ్లలో కొందరికి ఊళ్లో అప్పటికే ఓటుంది. రెండుచోట్ల ఉండకూడదు గనుక వాళ్లకు ఓటు అడ్రసు మార్చుకునే ఫారం 8 నింపించాం. పదిహేడు నిండినవాళ్లు కూడా ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలిశాక లైను ఇంకా పెరిగింది.

42 మందికి ఫోటోలు తీయించాం, సెట్టుకు 30 చొప్పున 1,260. మైకు రెండు రోజులకు 1,400. పెన్నులు, ప్యాడ్లు, స్టాప్లరు 265. ఆటోలకు 320, వీటికి రసీదుల్లేవు, మా మాటే రసీదు.

ఇక అందరూ గుసగుసలాడుకుంటున్న పద్దు: ఉగ్గాని బజ్జీ, టీ 2,430. పద్దెనిమిది మంది మూడు రోజులు పొద్దున ఏడింటికే టేబుళ్ల దగ్గర కూర్చున్నారు. ప్లేటు, టీ కలిపి 45. ఆ టైముకు మెస్సు తెరవరు. ఇది ఎక్కువనిపిస్తే ఈసారి మీరొచ్చి కూర్చోండి, బజ్జీ మేము తెస్తాం.

మొత్తం ఖర్చు 8,627. నిల్వ 1,627 అమ్మాయిల హాస్టల్ కోశాధికారి దగ్గర ఉంది. ఏప్రిల్ 1కి పద్దెనిమిది నిండేవాళ్ల ఫారాలకు అది వాడతాం. బిల్లుల ఫైలు శనివారం దాకా లైబ్రరీ టేబుల్ మీద ఉంటుంది. తిప్పి చూసేటప్పుడు ఫోటో స్టూడియో రసీదు మీద టీ మరక కనబడుతుంది, అంకెలు మాత్రం చెరిగిపోలేదు.