పిసాక్ దారిలో పక్క సీటు అమ్మకు

మీ పేరు అడగడం మర్చిపోయాను. అందుకే ఇలా అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

డిగ్రీలో భాగంగా పెరూలో నాలుగు వారాల సొంత పరిశోధన. అంశం చూన్యో: జూన్, జూలై చలి రాత్రుల్లో బంగాళాదుంపల్ని ఆరుబయట పరిచి గడ్డకట్టనిస్తారు. పగలు కాళ్ళతో తొక్కి, నీరు పోయాక ఎండబెడతారు. ఏళ్ళ తరబడి నిలవుంటాయి, మన వడియాలకు పెద్దక్కలన్నమాట. బంగాళాదుంపను అక్కడ 'పాపా' అంటారు. "రోజంతా పాపాలతోనే" అని ఫోన్‌లో చెబితే మా అమ్మ హడలిపోయింది.

కుస్కో నగరంలో పిసాక్ ఊరి వైపు వెళ్ళే వ్యాన్ ఎక్కేసరికి తల పగిలిపోతోంది. దాదాపు 3,400 మీటర్ల ఎత్తు మరి. మీరు సంచిలోంచి, ఎత్తుకు వచ్చే తలనొప్పికి అక్కడివాళ్ళు నమిలే కోకా ఆకులు తీసి నా చేతిలో పెట్టారు. అది చిన్న సాయమే.

నాకొచ్చింది స్పానిష్, కొండమీది ఊళ్ళో పెద్దవాళ్ళు మాట్లాడేది కెచువా. వస్తానన్న అనువాదకుడు రాలేదు. మీరు బేరం మానుకుని సాయంత్రం దాకా నా పక్కనే కూర్చున్నారు. నా ప్రశ్నల కాగితం చూసి నవ్వి, "ఇలా అడిగితే ఎవరు చెబుతారు? ముందు దిగి తొక్కు" అన్నారు. బూట్లు విప్పి దిగాను. కాళ్ళు జివ్వుమన్నాయి. ముసలమ్మలు పగలబడి నవ్వారు, కబుర్లు అప్పుడు మొదలయ్యాయి.

డబ్బులిస్తే తీసుకోలేదు. 'ఇహీతా' అన్నారు, చిట్టితల్లీ అన్నట్టు. నా రిపోర్టులో సగం మీ చలవే.

మీ కెచువాలోనే చెబుతున్నా: యుసుల్‌పాయ్‌కి, మామాయ్. ధన్యవాదాలు, అమ్మా.