మంత్రిగారూ, మధ్యాహ్నం రెండు దాటాక కూడా మా కోళ్ల షెడ్డుకు కరెంటు ఇప్పించండి

రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రిగారికి,

అనంతపురం జిల్లా కూడేరు మండలం నుంచి ఒక కోళ్ల రైతు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా,

ఈ విషయం మీద నేను రాస్తున్న నాలుగో కాగితం ఇది. ముందు రాసిన మూడూ అర్జీలే. మొదటిది ఊళ్లో ఇచ్చాను, రెండోది మండలంలో. మూడోది సోమవారం అర్జీల రోజున జిల్లా కేంద్రానికి వెళ్లి, లైన్లో నిలబడి, రసీదు తీసుకుని మరీ ఇచ్చాను. మూడింటికీ నా ఫోన్‌కు ఒకటే మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. మూడో మెసేజ్ వచ్చిన రోజు నేను షెడ్డు బయట జనరేటర్ తాడు లాగుతూ ఉన్నాను. అందుకే ఇప్పుడు అందరికీ కనబడేలా రాస్తున్నాను.

కరెంటు మీ శాఖ కాదని నాకు తెలుసు. కరెంటు వాళ్ల దగ్గరికి పోతే, కోళ్ల విషయం కదా, పశువుల డాక్టరుతో రాయించుకుని రమ్మన్నారు. డాక్టరుగారు మంచి మనిషి, వెంటనే రాసిచ్చారు. ఆ కాగితం తీసుకుని మళ్లీ పోతే, ఇది మా చేతుల్లో లేదు, పైనుంచి మంజూరు కావాలన్నారు. ఆ పైన ఉండేది ఎవరో ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. కోళ్లు పెంచుకోండని మమ్మల్ని పిలిచింది మీ శాఖే కాబట్టి మీకే మొర పెట్టుకుంటున్నాను.

మూడేళ్ల కిందట మా దగ్గర అవగాహన సదస్సు జరిగింది. మాది శనక్కాయ మీద బతికిన ఇల్లు. వాన వస్తే పంట, రాకపోతే అప్పు. మా నాయన కాలం నుంచీ అంతే. బ్రాయిలర్ కోళ్లయితే నలభై రోజులకు ఒక బ్యాచ్ బయటికి పోతుంది, వాన కోసం ఆకాశం చూడక్కర్లేదు అని వేదిక మీద చెబుతుంటే మా ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పొలంలో షెడ్డు కడితే కరెంటు ఎట్ల సార్ అని నేనే లేచి అడిగాను. "షెడ్డు మీరు కట్టుకోండి, కరెంటు సంగతి మాకు వదిలేయండి. మూడు నెలల్లో 24 గంటల లైను వస్తుంది" అన్నారు ఒక అధికారి. ఆ మాట నోటు పుస్తకంలో తేదీతో సహా రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది.

సబ్సిడీ గురించి ఎక్కువ రాయను. జాతీయ పశుధన మిషన్‌లో 50 శాతం సబ్సిడీ, 25 లక్షల దాకా అంటే మాకే అనుకున్నాం. అది పెరటి కోళ్ల జాతుల పేరెంట్ కోళ్లు (గుడ్ల కోసం పెంచే తల్లి కోళ్లు) వెయ్యి పెట్టి, గుడ్లు పొదిగించే హ్యాచరీ, పిల్లల్ని కొన్ని వారాలు సాకే మదర్ యూనిట్ నడిపేవాళ్లకని, కంపెనీ బ్రాయిలర్ షెడ్డుకు రాదని నాకు తెలిసేటప్పటికి గోడలు లేచాయి, రేకులు దిగాయి. చదువుకోకుండా దిగడం నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ కరెంటు విషయంలో నా తప్పు లేదు. నేను అడిగాను, మీవాళ్లు మాట ఇచ్చారు.

షెడ్డు 30 అడుగుల వెడల్పు, 160 అడుగుల పొడవు. ఎండ లోపలికి కొట్టకుండా తూర్పు పడమరలుగా కట్టించాను. కోడికి ఒక చదరపు అడుగు లెక్కన 4,800 పడతాయి. 5 వేలు దాటితే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా కావాలన్నారని అక్కడికే ఆపాను. మొత్తం 14 లక్షలు దాటింది. బ్యాంకు లోను తొమ్మిది, మిగతాది మా ఆమె బంగారం, మా బామ్మర్ది ఇచ్చిన డబ్బు. కంపెనీవాళ్లు కోడిపిల్లలు, మేత, మందులు ఇస్తారు. షెడ్డు, నీళ్లు, కరెంటు, పని మాది. కిలోకు ఇంత అని కూలి కట్టిస్తారు.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. మా పొలానికి వచ్చేది వ్యవసాయ ఫీడరు, అంటే పొలాల మోటార్ల కోసం వేసిన కరెంటు లైను. రోజుకు తొమ్మిది గంటలే కరెంటు. బోరు మోటారుకు అది చాలు. కానీ నా షెడ్డుకు వేరే మీటరు ఉంది. ఉచిత కరెంటు కాదు, యూనిట్ లెక్కన నెలనెలా బిల్లు కడుతున్నాను, ఒక్క నెల కూడా ఆపలేదు. బిల్లు కట్టే షెడ్డుకూ ఆ తొమ్మిది గంటలే! ఇళ్లకు 24 గంటలూ కరెంటు ఇచ్చే ఊరి ఫీడరు మా షెడ్డుకు 600 మీటర్ల దూరంలో ఉంది. రాత్రిపూట షెడ్డు దగ్గర నిలబడితే ఊళ్లో వీధిలైట్లు కనిపిస్తాయి.

కోడిపిల్లకు మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం ఉండాలి. తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఒక్కరోజు పిల్ల సొంతంగా వేడి నిలుపుకోలేదు. శనక్కాయ పొట్టు పరిచి, మీద పేపర్లు వేసి, రేకు గుండ్రంగా కట్టి, పైన బల్బులు వేలాడదీస్తాం. బల్బు ఆరితే పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మూలకు కుప్పపడతాయి. అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చిపోతాయి. పోయిన సంవత్సరం జనవరిలో రెండో రాత్రే అలా జరిగింది. జనరేటర్ చెడిపోయింది. మెకానిక్ తెల్లారితేగానీ రానన్నాడు. బొగ్గుల కుంపట్లు పెట్టి, పొగ కమ్మకుండా పరదాలు కాస్త ఎత్తి, నేనూ మా ఆమె తెల్లార్లూ ఆ కుప్పల్ని చేతులతో విడదీస్తూ కూర్చున్నాం. ఇటు విడదీస్తే అటు కుప్పపడేవి. పొద్దున్నే లెక్కపెడితే 140 పోయాయి. నేర్చుకునేవాడికి ఇలాంటివి మామూలే అని కంపెనీ సూపర్‌వైజర్ ధైర్యం చెప్పాడు. సరే అనుకున్నాను.

కానీ మే 9న జరిగింది మాత్రం ఇంకా కళ్లముందు నుంచి పోలేదు.

అప్పటికి కోళ్లకు 37 రోజులు. దగ్గర దగ్గర రెండు కిలోలు తూగుతున్నాయి. ఇంకో మూడు రోజుల్లో లిఫ్టింగ్, అంటే కంపెనీవాళ్లు వచ్చి కోళ్లను ఎత్తుకుపోవడం. మా దగ్గర మే నెల ఎండ మీకు తెలుసు. కోడికి చెమట పట్టదు. వేడి తగ్గించుకోవడానికి నోరు తెరిచి రొప్పడమే దానికున్న పెద్ద దారి. అందుకని పొద్దున పదింటికే మేత ఎత్తేశాను. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి సాయంత్రం దాకా పెట్టకూడదు. రేకుల మీద సున్నం కొట్టి, పైన గడ్డి కప్పాను. పక్కలకు గోనె పట్టాలు కట్టి తడుపుతున్నాను. నీళ్లలో ఎలక్ట్రోలైట్ కలిపాను. నాకు చెప్పినవన్నీ చేశాను.

పొలాల లైన్లను గ్రూపులుగా చేసి వంతుల వారీగా కరెంటు ఇస్తారు. ఆ వారం మా గ్రూపుకు కరెంటు మధ్యాహ్నం రెండింటి వరకే. రెండు కొట్టగానే ఫ్యాన్లు ఆగాయి, నీళ్లను మంచులా చల్లే ఫాగర్లు ఆగాయి. జనరేటర్ వేశాను. నలభై నిమిషాలు నడిచి వేడెక్కి ఆగిపోయింది. దాని మీద తడిగుడ్డ వేసి, చల్లారబెట్టి, మళ్లీ తాడు లాగాను. అందుకోలేదు. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే, "అన్నా, నేనేం చేసేది? టైమ్ అయిపోయింది, సబ్‌స్టేషన్ లోనే ఆపేస్తారు" అన్నాడు. అతన్ని కూడా తప్పు పట్టలేను.

షెడ్డు లోపలికి పోతే ఒక శబ్దం. వేల కోళ్లు ఒకేసారి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వచ్చే శబ్దం. రెక్కలు దూరంగా పెట్టుకుని, మెడలు చాపి నిలబడ్డాయి. మా అమ్మ, మా ఆమె, మా పెద్దోడు, అందరం బిందెలతో నీళ్లు తెచ్చి చల్లాం. మూడున్నరకు ఆ శబ్దం తగ్గింది. చల్లబడ్డాయేమో అనుకున్నాను. తీరా చూస్తే షెడ్డు మధ్యలో, గాలి తగలని చోట, వరసగా వెల్లకిలా పడిపోతున్నాయి. ఒక కోడిని చేతిలోకి తీసుకుంటే కుంపటి మీది కుండలా కాలింది. తల వాలిపోయింది. మా అమ్మ దాని నోట్లో చెంచాతో నీళ్లు పోస్తూనే ఉంది, అది చచ్చిపోయిందని నేను చెప్పేదాకా.

సాయంత్రం ఆరింటికి లెక్క 612. ఆ రాత్రే గుంత తవ్వించి, సున్నం చల్లి పూడ్చాం.

అయ్యా, చిన్న పిల్ల పోతే నష్టం తక్కువ. 37 రోజుల కోడి పోతే అది తిన్న మూడు కిలోల పైచిలుకు మేత కూడా దానితోపాటు పోతుంది. తూకంలో కోడి ఉండదు గానీ, లెక్కలో మేత ఉంటుంది. అందుకే మేతకు, బరువుకు కుదరాల్సిన లెక్క చెడిపోయి, బతికిన కోళ్ల మీద వచ్చే కూలి కూడా కోత పడింది. ఆ బ్యాచ్‌కు నా చేతికొచ్చిన డబ్బు డీజిల్ ఖర్చుకూ సరిపోలేదు. నష్టపరిహారం అడుగుదామంటే, కోళ్లు నీవి కాదు కదా, కంపెనీవి కదా అన్నారు. నిజమే, కోళ్లు కంపెనీవి. అప్పు మాత్రం నాది.

జూలైలో మళ్లీ ఆశపడ్డాను. ఊరి ఫీడరు నుంచి లైను లాగడానికి కరెంటు వాళ్లు ఎస్టిమేట్ వేశారు, మొత్తం 11 స్తంభాలు. నా వాటా డబ్బు కట్టమన్నారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాను. ఆగస్టులో ట్రాక్టర్‌లో ఏడు స్తంభాలు తెచ్చి మా పొలం గట్టు పక్కన దించారు. మిగతా నాలుగు, వైరు, వారంలో వస్తాయన్నారు. ఇది మార్చి. ఆ స్తంభాల మధ్య గడ్డి మొలిచి, ఎండింది కూడా. మేకలు కాసే పిల్లలు వాటి మీద కూర్చుని సద్ది తింటున్నారు. నేను షెడ్డుకు పోయిన ప్రతిసారీ వాటి పక్క నుంచే పోవాలి. పొద్దున ఒకసారి, మాపుకు ఒకసారి చూస్తూనే ఉన్నాను.

ఈ పనిలో కష్టాలు ఉండవని నేను అనుకోలేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి, కర్నూలు నగరంలో కూడా ఒకచోట బయటపడినప్పుడు, బాగా ఉడికించి తింటే ఏమీ కాదని ఎంత చెప్పినా జనం చికెన్ జోలికి రాలేదు. అప్పుడు మేం ఎవరినీ నిందించలేదు. కొక్కెర తెగులు రాకుండా టీకా ఉంది, గంబోరో రోగానికీ ఉంది, చెప్పిన రోజు తప్పకుండా వేయిస్తున్నాం. రోగం మా చేతుల్లో లేదు, రేటు మా చేతుల్లో లేదు. నాలుగు స్తంభాలు, కొంత వైరు మాత్రం ఎవరో ఒకరి చేతుల్లో ఉన్నాయి కదా! వాళ్లకు ఒక్క మాట చెప్పమని మిమ్మల్ని అడుగుతున్నాను.

ఈ మధ్య ఉరవకొండ వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. డిగ్రీ చదివాడు, ఉద్యోగం రాలేదు, నాలుగెకరాలుంది, షెడ్డు వేద్దామనుకుంటున్నానన్నా అన్నాడు. అతనికి అన్నీ చెప్పాను. నీళ్లు పరీక్ష చేయించుకో, లారీ షెడ్డు దాకా వచ్చే దారి చూసుకో, కంపెనీ అగ్రిమెంటులో కోతలు ఎక్కడ రాశారో చదువుకో, రెండు బ్యాచ్‌లు వేరేవాళ్ల షెడ్డులో పనిచేసి నేర్చుకో అన్నాను. కరెంటు ఎట్లన్నా అని అడిగాడు. మూడేళ్ల కిందట సదస్సులో నేను అడిగిన మాటే. ఊరి ఫీడరు లైను మీ పొలానికి వచ్చి, బల్బు వెలిగింది కంటితో చూశాకే పునాది తవ్వమన్నాను. అంతవరకు ఎవరు ఏం చెప్పినా నమ్మొద్దన్నాను. మీ శాఖ మాట నమ్మొద్దని ఒక రైతుకు చెప్పాల్సి వచ్చినందుకు నాకు చాలా బాధేసింది.

నేను అడిగేది ఇదే. ఆ మిగిలిన స్తంభాలు, వైరు ఇప్పించి మా షెడ్డుకు 24 గంటల లైను కలిపించండి. ఇప్పటికిప్పుడు కుదరకపోతే, కనీసం ఏప్రిల్, మే నెలల్లో మా గ్రూపు టైమ్ మార్చి, పన్నెండు నుంచి ఐదు దాకా కరెంటు ఉండేలా చూడండి. ఆ ఐదు గంటలు గడిస్తే మిగతా తంటాలు మేం పడతాం. ఇంకెక్కడైనా సదస్సు పెడితే, సబ్సిడీ ఏ యూనిట్‌కు వస్తుందో, దేనికి రాదో వేదిక మీదే తేల్చి చెప్పించండి. షెడ్డుకు బ్యాంకు లోను ఇచ్చేముందు అక్కడ ఏ ఫీడరు ఉందో చూడమనండి. అన్నిటికంటే ముందు మాత్రం మా లైను సంగతి చూడండి. దయచేసి చూడండి.

వచ్చే బ్యాచ్ మార్చి 28న దిగుతుంది. మే మొదటి వారానికి అవి రెండు కిలోల కోళ్లవుతాయి. కంపెనీవాళ్లు సరేనా అని అడిగితే సరేనన్నాను, వద్దంటే లోను కిస్తీ ఆగిపోతుంది. ఏడు స్తంభాలు మా గట్టు పక్కనే ఉన్నాయి. నాలుగు రావాలి.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక కోళ్ల రైతు,
కూడేరు మండలం, అనంతపురం జిల్లా