ఓఆర్ఎస్ పంచారు సరే, నీళ్ల కొలత ఏదీ?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ అనంతపురం ఎడిషన్‌లో ఉపాధి కూలీలకు ఓఆర్ఎస్ పంపిణీ అంటూ వార్త వేశారు. ఫొటోలో పెద్దమనుషులు వరసగా నిలబడితే, ప్యాకెట్ అందుకునే కూలీ మాత్రం ఒక్కతే. అది మామూలే. కానీ కింద 'ఒక్కో ప్యాకెట్ గ్లాసు నీళ్లలో కలుపుకొని తాగాలని సూచించారు' అని అచ్చేశారే! చెప్పినవాళ్లకు తెలియదు సరే, రాసుకున్నవాళ్లయినా ఒకసారి ప్యాకెట్ తిప్పి చూడొద్దా?

200 మిల్లీలీటర్లలో కలిపే చిన్న ప్యాకెట్ వేరే ఉంది. ఫొటోలో ఉన్నది 21 గ్రాముల పెద్దది, లీటరు నీళ్లకు సరిపోయేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన లెక్క ప్రకారం లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉండాలి, పొటాషియం, సిట్రేటు వేరే. ఆ పాళ్లు కుదిరితేనే గ్లూకోజుతో పాటు సోడియం, దాని వెంబడే నీళ్లు పేగుల్లోంచి ఒంట్లోకి పోతాయి. గ్లాసులో కలిపితే ఐదింతల చిక్కన. అప్పుడు ఒంట్లో నీళ్లే పేగులోకి లాగుతుంది. విరేచనాలవుతున్న పసిబిడ్డకు అలా పడితే సోడియం పెరిగి ఫిట్స్ కూడా రావచ్చు. మందులిచ్చే ఉద్యోగంలో రిటైరైనవాణ్ణి కాబట్టి చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

మొన్న మా ఊరి చెరువు పనుల దగ్గర ఒకామె అర లీటరు బాటిల్లో ప్యాకెట్ మొత్తం వంపి, ఒక గుక్క తాగి ఉమ్మేసింది. "ఏంది సార్, ఇంత ఉప్పగుంది?" అంది. ఎట్లా కలపాలో ప్యాకెట్ వెనక ఉంది, ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో. పంచినతన్ని అడిగితే "పంచమన్నారు, పంచినాం" అన్నాడు. తాగునీళ్ల ట్యాంకరే ఆ రోజు రాలేదు, ఇక లీటరు కొలత ఎవరు చూస్తారు?

చలివేంద్రాల కథా ఇంతే. రిబ్బను కత్తిరించిన రోజు మజ్జిగ, ఆ తర్వాత బోర్లించిన కుండలు. మీ పేపర్లోనేమో రోజూ 'నీళ్లు బాగా తాగండి' అని సలహా. చెమటతో ఉప్పూ పోతుంది స్వామీ! ఎండలో గంటల తరబడి మట్టి తవ్వే మనిషి వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. ఉప్పేసిన మజ్జిగ ఇచ్చినా కొంత మేలు.

తీపి పానీయాలకు ఓఆర్ఎస్ పేరు తగిలించి అమ్మొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. దానికోసం హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ ఒకరు ఏళ్ల తరబడి కొట్లాడారు. తీరా అసలు మందు చేతికొస్తే మనం కలిపే తీరు ఇదీ.

వెంటనే సవరణ వేయండి, లోపలి పేజీలో మూలన కాదు. పెద్ద ప్యాకెట్‌కు కాచి చల్లార్చిన నీళ్లు సరిగ్గా లీటరు, పొడి మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా తాగొద్దని కూడా రాయండి.

- ఓ రిటైర్డ్ ఫార్మసిస్టు, అనంతపురం జిల్లా