ఒకటో తరగతికి సైనిక శిక్షణ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మహారాష్ట్రలో ఒకటో తరగతి నుంచే ప్రాథమిక సైనిక శిక్షణ ఇస్తామని, అందుకు 2.5 లక్షల మంది మాజీ సైనికుల సాయం తీసుకుంటామని విద్యాశాఖ మంత్రి దాదా భుసే 2025 జూన్‌లో ప్రకటించారు. దేశభక్తి, క్రమశిక్షణ, వ్యాయామం అలవడాలన్నది ఉద్దేశం. సోలాపూర్, భివండీలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇది వర్తిస్తుంది కాబట్టి రాస్తున్నాను.

మాజీ సైనికులంటే నాకు ఎంతో గౌరవం. నా అభ్యంతరమల్లా వయసు గురించే. ఎన్‌సీసీలో ప్రాథమిక పాఠశాల పిల్లల్ని చేర్చుకోరు. కోరుకొండ, కలికిరి సైనిక పాఠశాలల్లో కూడా ప్రవేశం ఆరో తరగతి నుంచే. సైన్యం కోసమే పిల్లల్ని తయారుచేసే చోట పాటిస్తున్న ఈ హద్దు మామూలు బడిలో ఎందుకు ఉండకూడదు? ఆరేళ్ల పిల్లవాడు ఎందుకు, ఏమిటి అని అడుగుతూ నేర్చుకుంటాడు. ఆదేశం వినగానే కదలడం సైనికుడికి అవసరం, వాడికి కాదు. వాడు పరుగెత్తాలి, ఆడాలి, అలసిపోతే కూర్చోవాలి. ఇవి నేర్పడానికి వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆటస్థలం ఉంటే చాలు, అవే చాలా బడుల్లో లేవు.

పైగా విద్యాహక్కు చట్టం శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. డ్రిల్లులో తప్పు చేసిన పసివాణ్ణి ఎలా సరిదిద్దుతారో ముందే రాతపూర్వకంగా చెప్పాలి. పాఠ్యప్రణాళికను మరాఠీతో పాటు తెలుగు, ఉర్దూ, కన్నడ భాషల్లోనూ ప్రకటించి, పాఠశాల యాజమాన్య కమిటీల్లోని తల్లిదండ్రుల అభిప్రాయం అడగాలని మంత్రిగారిని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సోలాపూర్