చార్‌ధామ్ దారిలో నిప్పుతో జాగ్రత్త

సంపాదకులు గారికి,

చార్‌ధామ్ యాత్ర జోరుగా సాగేదీ, ఉత్తరాఖండ్‌లో పైన్ అడవులు అంటుకునేదీ ఒకే రోజుల్లో. ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్‌లో వానలు పడేదాకా. బస్సులు కట్టించుకుని వెళ్లే మన తెలుగు యాత్రికులకు ఈ సంగతి ఎవరైనా గట్టిగా చెప్పాలి.

బార్కోట్, ఉత్తరకాశీ వైపు కొండవాలుల్లో నిటారుగా కనిపించేవి చీర్ పైన్ చెట్లు. సుమారు 500 మీటర్ల ఎత్తు నుంచి 2,000 మీటర్లు దాటేదాకా పెరుగుతాయి. మన్ను పలచగా ఉన్న రాతి నేల అయినా సరే, ఎండ బాగా తగిలితే చాలు, వేళ్లూనుకుంటాయి. ఆకులు సూదుల్లా మూడేసి ఒక గుత్తిగా, జానెడుకు పైగా పొడవుంటాయి. వేసవిలో ఇవి రాలి నేలంతా పరుచుకుంటాయి. అక్కడివాళ్లు పిరూల్ అంటారు. గోధుమరంగులో, అడుగు వేస్తే కాలు జారేంత నున్నగా ఉంటుంది. అందులో జిగురు ఉండటంతో ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు, వాలు మొత్తం అంటుకుంటుంది.

ముదురు పైన్‌కు బెరడు మందం. నేలమంట వచ్చిపోయినా తట్టుకుంటుంది. పక్కనున్న బాంజ్ ఓక్ మొలకలు మాత్రం మాడిపోతాయి. పశువులకు మేతనిచ్చేది, నేలలో తేమ నిలిపేది ఆ బాంజే. ఏటా తగలబడే చోట అది వెనక్కి పోయి పైన్ ముందుకొస్తుంది. అందుకని పైన్‌ను నరికేయాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. బోడి కొండను పట్టి ఉంచేదీ ఆ చెట్టే. నిప్పు పెడుతున్నది చాలావరకు మనుషులే. 2024 జూన్‌లో బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పడానికి వెళ్లిన నలుగురు అక్కడే కాలిపోయారు. వాళ్లేం పాపం చేశారు?

పిరూల్‌ను కిలోల లెక్కన కొనే పథకం ఉత్తరాఖండ్ ప్రభుత్వానికి ఉంది. మంచిదే. ముందుగా యాత్రా మార్గాల పక్కన, ఊళ్ల చుట్టూ ఏరించాలి. ఏరే ఆడవాళ్లకు డబ్బు ఆలస్యం చేయకుండా చేతికివ్వాలి.

ఇక మన వంతు. వంటవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే ట్రావెల్స్ వారు చెట్ల కింద పొయ్యి వెలిగించకూడదు. కర్పూరమైనా, సిగరెట్టైనా ఆరిందో లేదో చూసుకునే కదలాలి. బస్సు బయల్దేరే ముందే ప్రయాణికులకు ఈ మాట చెప్పేలా రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు నిర్వాహకులను ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, విజయనగరం