కవరుకు వేసిన ముడి

అనంతపురం

శీనూ,

నీ ఉత్తరం అందింది. మీ అపార్ట్‌మెంట్‌లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయకపోతే జరిమానా వేస్తున్నారని గగ్గోలు పెట్టావు. వేయనీ, నాకేమీ జాలి లేదు. మా వీధిలో అంతకంటే ముందు నేర్పాల్సిన సంగతి ఒకటుంది. మిగిలిన అన్నాన్ని కవరులో పోసి, మూతి ముడి వేసి విసరకూడదు.

నవ్వకు. అలా విసిరేవాళ్ళందరూ తాము మహా శుభ్రమనే అనుకుంటారు. ఈగలు ముసరవు, చేతికి అంటదు. కానీ ముడి విప్పుకోవడానికి ఆవుకు చేతులున్నాయా? సాంబారు వాసన తగిలితే చాలు, కవరుతో సహా మింగేస్తుంది.

మా వెనక వీధిలో పాలు పోసే ఆవిడ ఆవుకు ఆపరేషన్ చేస్తుంటే చూశాను. మేత ముట్టడం మానేసిందట. ఎముకలు తేలాయి, పొట్ట మాత్రం చూడి ఆవులా ఉంది. నిలబెట్టే, ఎడమ డొక్కకు మత్తు సూదులు వేసి కోశారు. డాక్టరు చేయి లోపలికి పెట్టి లాగుతుంటే కవర్లు విడివిడిగా రాలేదు. పురికొసలు, జాకెట్టు పీలికలు చుట్టుకుని జడలు కట్టిన ముద్దలుగా వచ్చాయి. కొన్నిటికి వేసిన ముడి వేసినట్టే ఉంది. నెమరు వేసే పశువు మొదటి పొట్టలో పడిన ప్లాస్టిక్ అరగదు, ముందుకూ కదలదు. గడ్డికి చోటు లేకుండా అక్కడే పేరుకుంటుంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

పుట్టపర్తిలో మూగజీవాలను చూసుకునే కరుణ సొసైటీ వాళ్ళు ఈ కవర్ల గొడవ మీదే 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి పుట్టపర్తి మన జిల్లాలోదే, సత్యసాయి జిల్లా అయింది 2022లో కదా. ఆ 2022 డిసెంబరు 31 నుంచే 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులు దేశమంతటా నిషేధం. అయినా ఉగ్గాని బండి దగ్గరికి వెళ్ళి చూడు, చట్నీ పోసిచ్చే కవరులోంచి వేలిముద్రలు కనిపిస్తాయి.

ఆవుల సంగతి సరే, మనుషుల మాటేమిటంటావు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి, గుర్తుందిగా. కుండపోత వాన, వంక పొడవునా ఆక్రమణలు, కారణాలు చాలా ఉన్నాయి. అంతా కవర్ల మీదికే నెట్టను. కానీ పూడుకుపోయిన మురుగు కాలువ గట్టున పారతో ఎత్తిపోసిన బురదను ఒకసారి చూస్తే, అందులో మట్టి ఎంతో కవర్లెన్నో నీకే తెలుస్తుంది.

డెంగీ దోమకు చెరువులు అక్కర్లేదు. పారేసిన టీ కప్పులో, కొబ్బరి చిప్పలో నిలిచిన వాన నీళ్ళు చాలు, వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. నీళ్ళు ఎండిపోయినా గుడ్లు నెలల తరబడి చావవు, మళ్ళీ తడి తగిలితే పొదుగుతాయి. మనది వానలు లేని ఊరని ధీమాగా కూర్చోవడానికి లేదన్నమాట.

పొద్దున్నే చెత్త తగలబెట్టే మూలింటి పెద్దాయనకూ నాకూ అసలు పడదు. ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్ల లాంటి విషాలు గాలిలో కలుస్తాయండీ అంటే, దోమలు కూడా పోతాయి కదా నాయనా అంటాడు!

మీ చెల్లెలు కూరగాయల తొక్కలను పాత తొట్టిలో వేసి గేటు బయట పెడుతోంది. అన్నం ఎక్కువైతే ఆవుకు కడుపు ఉబ్బరమట, అందుకని తొక్కలే. చూసి మరో నాలుగిళ్ళ వాళ్ళు మొదలుపెట్టారు. మిగతావాళ్ళ కోసం కరపత్రం వేయిద్దామనుకుంటున్నాం. రాతలైతే ఎవరూ చదవరు. మాస్టర్ల బొమ్మలు బోర్డు మీద గీసి దెబ్బలు తిన్నవాడివి, ముడి వేసిన కవరు ముందు నిలబడ్డ ఆవు బొమ్మ ఒకటి వేసి పంపు. క్యాలెండరు ఆవులా నిగనిగలాడకూడదు సుమా, మన వీధి ఆవులా ఉండాలి. దసరాలోపే పంపు, పండగ దగ్గర పడితే ప్రెస్సులో శుభలేఖల రద్దీట.

నీ
రాఘవ